శ్రావణ శుక్రవారం దాకా

డండీ, స్కాట్లాండ్
2025 జూన్ 12

స్నిగ్ధా,

ముందు మంచి కబురు. మా వృద్ధుల హోమ్ మేనేజర్ ఫియోనాకు నువ్వు నచ్చావు. మధ్యాహ్నం భోజనాల ట్రాలీ తోసుకుంటూ పోతుంటే ఆపి మరీ చెప్పింది. మీ ఆడపడుచు నెమ్మదిగా, విడమరిచి మాట్లాడుతోంది, మన ముసలివాళ్ళకు అలాంటి పిల్లే కావాలంది. నువ్వు నెమ్మదిగా మాట్లాడటం నేనైతే పదేళ్ళుగా చూడలేదు. ఇంటర్వ్యూ అంటే భయపడి ఉంటావు.

రేపో ఎల్లుండో కాంట్రాక్టు మెయిల్‌లో వస్తుంది. దాని మీద నువ్వు సంతకం పెట్టి పంపితే, వీళ్ళు ఇక్కడి ప్రభుత్వాన్ని నీ పేరున స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ అడుగుతారు. అది ఉంటేనే నీకు వీసా. నేను చెప్పేది ఒక్కటే, ఆ సంతకం ఇప్పుడే పెట్టకు. మూఢం నడుస్తోంది. అది పోయేలోపే ఆషాఢం వచ్చేస్తుంది. ఈసారి శ్రావణమాసం మొదలయ్యేదే శుక్రవారం నాడు, జూలై ఇరవై ఐదున. ఆ పొద్దున తలస్నానం చేసి, దీపం పెట్టుకుని, సంతకం పెట్టు. మా అమ్మ కూడా నీ బదులు నా బిడ్డ కావ్యను చూసుకోవడానికి కాకినాడ నుంచి అప్పుడే బయల్దేరతానంది.

నా సంగతి నీకు తెలియనిది కాదు. కిందటేడు మార్చిలో అమావాస్య ఆదివారం, మా అమ్మ వద్దు వద్దంటుంటే వినకుండా సంతకం పెట్టాను. ఆ మర్నాటి నుంచే కేర్ వర్కర్లు భర్తనీ పిల్లల్నీ తెచ్చుకోకూడదన్న రూలు అమల్లోకి వచ్చింది. నాకు వీసా వచ్చింది, కావ్యకు దారి మూసుకుపోయింది. ఐదేళ్ళయితే ఇక్కడ స్థిరంగా ఉండనిస్తారు, అప్పుడు తెచ్చుకోవచ్చు అని మనసుకు చెప్పుకుని వచ్చేశాను. మళ్ళీ ఆ తప్పు నీతో చేయించను.

ఇదంతా వీడియో కాల్లో చెప్పొచ్చు కదా అంటావు. ఆ కాల్లో మీ అన్నయ్య నీ వెనకే నిలబడతాడు, కావ్య తలుపు చాటు నుంచి వింటుంది. నీతో విడిగా ఒక్క మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందో. అందుకే బస్సులో కూర్చుని మెయిల్‌లో ఉత్తరం రాస్తున్నాను. ఇవి మనిద్దరి మధ్యే ఉండనీ.

మీ వదిన,
కమల


నాచారం
జూన్ 16

వదినా,

నెమ్మదిగా మాట్లాడింది భయంతో కాదు. ఆ పూట గల్లీలో కరెంటు పోయి, ఫోన్ సిగ్నల్ ఒక్క గీత మీద నడుస్తోంది. గబగబా మాట్లాడితే మధ్యలో ముక్కలు పోతాయని ఒక్కో మాటా తూచి వదిలాను. నీ ఫియోనాకు ఆ సంగతి చెప్పకు.

కాంట్రాక్టు వచ్చింది. శుక్రవారం లోపు సంతకం పెట్టి పంపమంది. నువ్వు చెప్పినట్టే, ఇంట్లో శుభకార్యం ఉంది, జూలై చివరి దాకా గడువు కావాలని రాశాను. ఆమె నాకు పెళ్ళి అనుకుని శుభాకాంక్షలు పంపింది. ఇప్పుడు కాదంటే బాగుండదని థాంక్స్ చెప్పేశాను. వరుణ్ణి నువ్వే వెతకాలి.

నీ అమావాస్య లెక్క మాత్రం నాకు ఎక్కలేదు. ఆ రూలు వస్తోందని వాళ్ళు అంతకు ముందు డిసెంబరులోనే చెప్పారు. నీ కాగితాలు ఒక్క వారం ముందు కదిలి ఉంటే కావ్య ఇప్పుడు నీ పక్కనే ఉండేది. ఇందులో పాపం అమావాస్య చేసిందేముంది? పైగా ఆషాఢమంటే మీ కాకినాడలో పనికిరాని నెల గానీ, మాకు బోనాల నెల. అన్నకు చెబితే ఒకటే నవ్వు. "అక్కడ సూర్యుడే సక్కగ కనవడడు, మీ వదినకు పంచాంగం ఏంటికే?" అన్నాడు.

అయినా నీ మాట కాదనను. ఈ ఉద్యోగం నీ వల్ల వచ్చింది. ఆ ఆదివారం సంగతి నీ మనసులో ఎంత దిగబడిందో నాకు తెలుసు. నెల రోజులే కదా, ఆగుతాను. ఆగడమే నాకు చేతకాని పని. రోజుకు పదిసార్లు ఆ మెయిల్ తెరిచి, సంతకం పెట్టాల్సిన ఖాళీ గీతను చూసి మూసేస్తున్నాను.

ఉప్పల్ ఆసుపత్రిలో నా డ్యూటీ ఎలా ఉందని మొన్న ఫోన్‌లో అడిగావు. ఎప్పటిలాగే. కావ్య బాగుంది. లెక్కల్లో కొంచెం వెనకబడింది, నేను కూర్చోబెట్టి చెబుతున్నాను.

స్నిగ్ధ


డండీ
జూన్ 25

స్నిగ్ధా,

ఇక్కడ పొద్దు గుంకడం మానేసింది. పదిన్నర దాటినా వెలుతురే. కర్టెన్ వేసుకుని కళ్ళు మూసుకుంటాను, నిద్ర రాదు, మళ్ళీ లేచి గిన్నెలు తోముతాను. మా హోమ్‌లో జీన్ అని తొంభై దాటిన ఆవిడ ఉంది. రోజూ కోటు వేసుకుని గుమ్మంలో కూర్చుని, నా బస్సు ఎప్పుడని అడుగుతుంది. వస్తోందండీ, ఈలోగా టీ తాగండని లోపలికి తీసుకుపోవడం నా పని. ఈ మధ్య ఆవిడ పక్కన కూర్చుంటే నాకూ ఏదో బస్సు రావాలన్నట్టే ఉంటోంది.

ఒక్క మాట, కంగారు పడకు. విదేశాల నుంచి కేర్ వర్కర్లను తెచ్చుకోవడం ఆపేస్తామని ఇక్కడి ప్రభుత్వం మే నెలలో అన్నది కదా. ఎప్పటి నుంచన్నది ఇంకా తేల్చలేదు. ఫియోనా అయితే చలికాలం దాకా పట్టవచ్చంటోంది. అయినా సంతకం త్వరగా వస్తే మంచిదని రెండుసార్లు అంది. నేనే సర్దిచెప్పాను. పెళ్ళి హడావుడిలో ఉందిలే అన్నాను.

ఇంకో సంగతి. మొన్న ఆదివారం మూడుసార్లు ఫోన్ చేస్తే, కావ్య ట్యూషన్‌కు వెళ్ళిందన్నావు. ఆదివారం ట్యూషనేమిటి? అది నాతో మాట్లాడి పదిహేను రోజులు దాటింది. ఏదైనా ఉంటే నాకు చెప్పు. దూరంగా ఉన్నదాన్ని కదా అని దాచకు, దూరంగా ఉన్నవాళ్ళే లేనిపోనివన్నీ ఊహించుకుని చస్తారు.

కమల


ఉప్పల్, స్కైవాక్ మీద నుంచి
జూలై 2

వదినా,

సంతకం పెట్టేశాను. నిన్ను అడగలేదు, అడిగే ఓపిక లేదు.

పొద్దున ఫోన్ తెరిస్తే అదే వార్త. ఈ నెల ఇరవై రెండు నుంచి విదేశాల వాళ్ళకు కేర్ వర్కర్ ఉద్యోగాలు ఉండవట. ఆ తేదీ లోపు కంపెనీ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళకే వీసా దారి. ఇరవై రెండు, వదినా. నీ శ్రావణ శుక్రవారం ఇరవై ఐదు. వార్త చదివినప్పుడు ఉప్పల్ రింగ్‌రోడ్డు స్కైవాక్ మీద ఉన్నాను. కింద బస్సులు, మీద మెట్రో, చుట్టూ ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. నేను కడ్డీని ఆనుకుని, ఫోన్ మీద వేలితోనే సంతకం గీసి పంపేశాను. వంకర వచ్చింది. ఫియోనా వెంటనే జవాబిచ్చింది, సర్టిఫికెట్ కోసం ఈ వారంలోనే అడుగుతానని.

ఇంక దాచి లాభం లేదు. ఇంటర్వ్యూ అయిన పది రోజులకే నేను ఆసుపత్రిలో రాజీనామా ఇచ్చాను. ఎలాగూ వెళ్ళేదాన్నే కదా అనుకున్నాను. నా చోట్లో మేడిపల్లి అమ్మాయి చేరిపోయింది. రోజూ ఎప్పటిలాగే డబ్బా కట్టుకుని, షేరింగ్ ఆటో ఎక్కి ఉప్పల్ దాకా వస్తున్నాను. సాయంత్రం దాకా ఇక్కడక్కడ తిరిగి ఇంటికి పోతున్నాను. అన్నకు తెలియదు. ఖాళీగా ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది.

కావ్య సంగతి కూడా విను. ట్యూషన్ అబద్ధం. నీ ఫోన్ మోగితే అది బాత్రూంలోకి పోయి గొళ్ళెం పెట్టుకుంటోంది. ఎందుకని అడిగితే చెప్పదు. నేను కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజులు పోతే అదే సర్దుకుంటుందనుకుని నీకు చెప్పలేదు. చెప్పాల్సింది.

స్నిగ్ధ


డండీ
జూలై 10

స్నిగ్ధా,

సంతకం పెట్టి మంచి పని చేశావు. నేను ఏమీ అనుకోలేదు.

ఫియోనా నాలుగో తేదీనే సర్టిఫికెట్ అడిగింది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుందట. ఇప్పుడు దేశంలో ఉన్న హోములన్నీ ఒక్కసారే అడుగుతున్నాయి. బయటి మనిషే ఎందుకు కావాలో ఇంకా ఆధారాలు చూపించమన్నారు. డ్యూటీ రోస్టర్లు, ఖాళీల వివరాలు, అన్నీ పంపింది. రోజుకు రెండుసార్లు ఆమె గది గుమ్మంలో నిలబడుతున్నాను. నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతోంది.

మీ గల్లీ బోనాలు ఎప్పుడు? ఈసారి నా పేరున కూడా ఒక బోనం ఎత్తించు. ఆషాఢమని ఏమీ అనను.

కావ్యకు ఈ ఆదివారం ఫోన్ చెయ్యను. నేను చెయ్యలేదని అదేమన్నా అడుగుతుందేమో చూసి చెప్పు.

కమల


నాచారం
జూలై 24

వదినా,

ఫియోనా మెయిల్ నీకూ చూపించే ఉంటుంది. ఆధారాలు చూసేలోపే గడువు దాటిపోయింది, ఇక ఈ ఉద్యోగానికి బయటివాళ్ళకు సర్టిఫికెట్ ఇవ్వరట. ఎంతో బాధగా ఉందని, నా వైవాహిక జీవితం సుఖంగా సాగాలని రాసింది. ఆ ముక్క చదివి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. అన్న భయపడి నీళ్ళు తెచ్చిచ్చాడు. అప్పుడే ఉద్యోగం మానేసిన సంగతి కూడా చెప్పేశాను. "గింత పని జేసి నాకొక్క మాట జెప్పలేదేందే?" అన్నాడు.

జూన్‌లో ఆమె అడిగిన శుక్రవారమే పంపి ఉంటే సర్టిఫికెట్ నెలాఖరుకు నా చేతిలో ఉండేది. ఇది నేను ఊహించి అంటున్న మాట కాదు, ఫియోనాయే రాసింది. మా హోమ్ జూన్‌లో ఎవరెవరికి అడిగిందో వాళ్ళందరికీ వచ్చాయని.

నీ బోనం ఎత్తాను. నెత్తిన పెట్టుకుని గుడి దాకా నడుస్తుంటే అడుగడుగునా నీ మీద కోపమే. అమ్మవారికి ఏం మొక్కుకున్నానో నాకే గుర్తులేదు.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నన్ను ఆపింది మూఢమేనా? లేక కావ్యా? నేను విమానం ఎక్కితే ఇక్కడ దానికి జడ వేసేవాళ్ళు ఉండరని, నాలుగు రోజులు ఆగితే అంతే చాలునని ఆపావా? మీ అమ్మ వస్తుందన్నావు. ఆవిడ ఈ ఊళ్ళో రెండు రోజులుంటే మూడోరోజు రైలెక్కుతుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. కావ్య కోసమైతే ఆ మాటే నాతో అనాల్సింది. నేను ఉండిపోయేదాన్నో, లేదో. కనీసం నిర్ణయం నాదయ్యేది.

అదేమన్నా అడిగిందా అన్నావు. అడగలేదు.

స్నిగ్ధ


డండీ
ఆగస్టు 5

స్నిగ్ధా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి రాస్తున్నాను, చెరిపేస్తున్నాను.

నాకు తెలియదు. ఇదే నిజం. మూఢమని నమ్మాను, అందులో అబద్ధం లేదు. ఆ ఆదివారాన్ని తప్పు పట్టకపోతే నన్ను నేనే తప్పు పట్టుకోవాలి. రోజూ ఆ పని చేస్తూ ఇక్కడ ముసలివాళ్ళ ఒళ్ళు తుడవలేను. కానీ నువ్వు ఆగుతానని రాసిన రోజు నా గుండె తేలికపడింది. ఎందుకు తేలికపడిందో అప్పుడు నన్ను నేను అడగలేదు. నువ్వు అడిగాక చూసుకుంటే అక్కడ కావ్య ఉంది. జ్వరమొస్తే నువ్వు చెబుతావు, పన్ను ఊడితే ఫోటో పెడతావు. నువ్వు ఇక్కడికొస్తే ఈ గదిలో నాకు తోడు దొరుకుతుంది, దాని ముఖం నాకు పూర్తిగా కనిపించకుండా పోతుంది. నాకు రెండూ కావాలి. నీ జీవితాన్ని మధ్యలో పెట్టి లాగానని ఇప్పుడు తెలుస్తోంది.

క్షమించమని రాస్తే నువ్వు వెంటనే క్షమించేస్తావు, నీ గుణం అది. అందుకే అడగను. కోపంగానే ఉండు. కాకపోతే కోపంగా ఉన్నా సరే, ఉత్తరం రాయి.

కమల


నాచారం
అక్టోబరు 9

వదినా,

రెండు నెలలు రాయలేదు. కోపం కొంత, పని కొంత.

మేడిపల్లిలో చిన్న క్లినిక్‌లో చేరాను. వరంగల్ రోడ్డు మీద ఫ్లైఓవర్ పనులు ఇంకా అలాగే ఉన్నాయి. పొద్దున పోయేటప్పుడు తెల్లగా పోతాను, సాయంత్రం దుమ్ము రంగులో వస్తాను. పీర్జాదిగూడ దగ్గర ఆటో ఆగిందంటే ఇక అక్కడే జీవితం. నాతో నర్సింగ్ చదివిన రాజశ్రీ జర్మనీ వెళ్ళింది. అక్కడ నర్సులను ఇంకా రమ్మంటున్నారు, భాష మాత్రం గట్టిగా రావాలి. హబ్సిగూడలో క్లాసుకు చేరాను. వాళ్ళకు బల్ల మగవాడట, గిన్నె ఆడదట, ఏది ఎందుకో ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళు వస్తున్నాయి నాకు, రెండో తరగతి పిల్లలా అంకెలు వల్లిస్తున్నాను. అక్కడ కూడా నేను నేర్చుకునేలోపు రూలు మారుస్తారేమోనని రోజూ వార్తలు చూస్తున్నాను. ఈ చూసుకోవడమే ఒక జబ్బయింది.

కావ్య నా పక్కన కూర్చుని నాకంటే ముందే అంకెలు పట్టేసింది. ఎందుకు నేర్చుకుంటున్నానో దానికి చెప్పలేదు. బతుకమ్మకు మీ పెళ్ళినాటి పచ్చ చీర నేను కట్టుకున్నాను, నువ్వు లేవు కదా అడగడానికి. కావ్య నన్ను చూసి, "ఇది అమ్మది గదా, మడతవెట్టి లోపట పెట్టు" అంది. నీ పేరు ఎత్తడం చాలా రోజుల తర్వాత అదే. నీకు చెప్పాలనిపించింది.

కోపం పూర్తిగా పోలేదు. రాయమన్నావు, రాస్తున్నాను.

స్నిగ్ధ


డండీ
నవంబరు 27

స్నిగ్ధా,

మళ్ళీ ఇంకో రూలు. ఇంకా రూలు కాలేదు, ప్రతిపాదనే అంటున్నారు. మాలాంటి ఉద్యోగాలవాళ్ళు ఇక్కడ స్థిరపడటానికి ఐదేళ్ళు కాదు, పదిహేనేళ్ళు ఆగాలట. ఇప్పటికే వచ్చేసినవాళ్ళకూ వర్తిస్తుందంటున్నారు. ఫియోనా అయితే, చర్చలు జరుగుతాయి, తగ్గిస్తారేమో చూద్దామంది. ఆమె చూడగలదు. డ్యూటీ అయ్యాక ఆమె తన ఇంటికే పోతుంది.

పదిహేనేళ్ళంటే కావ్య చదువు అయిపోతుంది. అప్పటికి అది పిల్ల కాదు, తల్లి దగ్గరికి పిల్లగా రావడానికి రూలు ఒప్పుకోదు. నేను దేనికోసం వచ్చానో అదే లేకుండా పోతే, ఇక్కడ ఉండి ఏం చెయ్యను? ఈ వారమంతా పడుకుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. ఒకరికి ఇవ్వాల్సిన మాత్ర ఇంకొకరి చేతిలో పెట్టబోయి ఆగాను. అప్పుడు భయమేసింది.

వచ్చేయనా? వచ్చేస్తే నువ్వు కూడా నీ జర్మనీకి నిశ్చింతగా వెళ్ళగలవు. మీ అన్నయ్యను అడిగితే నీ ఇష్టం అంటాడు. ఆ మాటతో నాకు ఒరిగేదేమీ లేదు. నువ్వు చెప్పు. ఈసారి నువ్వు ఎలా చెబితే అలా.

కమల


నాచారం
డిసెంబరు 8

వదినా,

అన్నను నిలబెట్టి అడిగాను, నీ ఇష్టం అనే మాట అనొద్దని ముందే చెప్పి. గోడకేసి చూస్తూ, "రమ్మను. జల్ది రమ్మను. నాకు చెప్పొస్తలేదు గంతే" అన్నాడు. మాట పూర్తి చేసి, ఏదో పనున్నట్టు వంటింట్లోకి పోయాడు.

నేను కూడా అదే అంటున్నాను, వచ్చెయ్. కానీ ఒకటి తెలిసి రా. నేను ఇక్కడ ఉండిపోతానని నీకు మాట ఇవ్వను. నా మొదటి జర్మన్ పరీక్ష అయిపోయింది, పాసయ్యాను. ఇంకా మూడున్నాయి, అవి కూడా రాస్తాను. ఏ దేశం తలుపు ఎప్పుడు మూస్తుందో తెలియదు. ఏదో ఒకటి తెరిచి ఉన్నప్పుడు వెళ్ళిపోతాను.

నువ్వు వస్తున్నావేమోనని కావ్యకు నిన్న సాయంత్రం చెప్పాను. హోంవర్క్ చేసుకుంటోంది. పెన్సిల్ ఆపింది.

"అమ్మ ఒస్తే నువ్వు పోతవా అత్తమ్మా?" అంది.

ఇక దానితో అబద్ధం ఆడదలుచుకోలేదు. "పోత బిడ్డా. పరీక్షలన్నీ పాసైతే పోత" అన్నాను.

"ఐతే అమ్మను రావొద్దని చెప్పు" అని మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది. ఏడవలేదు, అలగలేదు.

ఈ మాట నీకు రాయకూడదనే అనుకున్నాను. పొద్దుటి నుంచి రెండుసార్లు చెరిపాను. కానీ ఇది చదివాక నువ్వు అక్కడ ఉండలేవని తెలుసు, అందుకే రాస్తున్నాను. అది ఇక్కడ నా వెనకాలే తిరుగుతూ, ఎవరు పోతారు, ఎవరు వస్తారు అని లెక్కలు వేసుకుంటోంది. అది నీ ఎదురుగా కూర్చుని నిన్ను తిట్టాలి. అడగాల్సినవన్నీ నిన్నే అడగాలి. నేను ఉండగానే ఆ పోట్లాట కావాలి, నేను పోయాక దానికి పరిగెత్తి పోవడానికి ఎవరూ ఉండరు.

టికెట్ ఈ వారమే తీసుకో. ఎయిర్‌పోర్టుకు దాన్ని తీసుకురాను, నేనొక్కదాన్నే వస్తాను. అది తలుపు తియ్యకపోతే ఇద్దరం బయట మెట్ల మీద కూర్చుందాం.

స్నిగ్ధ